కరెంటు పనికీ ప్లాస్టరింగుకూ మధ్య తగవు రాకుండా ఇల్లు బాగుచేయించుకోవడం: సమగ్ర మార్గదర్శి

“ఎలక్ట్రీషియన్ గోడలన్నీ చెక్కి వెళ్లిపోయాడు, మేస్త్రీ ఆ గోడ ముట్టుకోనంటున్నాడు, ఇప్పుడేం చేయాలి?” పాత ఇంటికి మరమ్మతులు చేయిస్తున్నవారు ఈ మాట తరచుగా అడుగుతున్నారు. కొందరి ఇళ్లలో ప్లాస్టరింగు అయిపోయాక స్విచ్‌బాక్సులు కనబడవు. మరికొందరి ఇళ్లలో రంగులు వేసిన కొద్ది నెలలకే గోడ మీద పైపు వెళ్లిన దారి వెంబడే పగులు తేలుతుంది.

ఈ తగవుకు ఆ ఇద్దరి స్వభావాలు కారణం కావు. ఎలక్ట్రీషియన్‌కు కూలి సాధారణంగా పాయింటు లెక్కన, ప్లాస్టరింగు మేస్త్రీకి చదరపు అడుగు లెక్కన ముడుతుంది. గోడలో కొట్టిన గాడిని పూడ్చే పని పాయింటు లెక్కలోనూ ఉండదు, చదరపు అడుగు లెక్కలోనూ ఉండదు. ఎవరి లెక్కలోకీ రాని పనిని ఇద్దరూ అవతలివారిదే అంటారు. ఇంతకన్నా పెద్ద కారణం మరొకటి ఉంది. ప్లాస్టరింగు పూర్తయ్యాక గోడ ముఖం ఎంత ముందుకు వస్తుందో తేలకముందే బాక్సులు బిగించేస్తారు. ఈ రెండు సంగతులనూ పని మొదలుకాకముందే తేల్చగలిగినవారు ఇంటి యజమానులే, కాబట్టి ఈ మార్గదర్శి ముఖ్యంగా వారికోసం. ఇందులో చెప్పినదంతా ఇటుక లేదా సిమెంటు ఇటుక గోడలున్న ఇళ్లకూ, గోడ లోపలి నుంచి పైపులు వేసే కన్సీల్డ్ వైరింగుకూ వర్తిస్తుంది.

1. ఒప్పందంలోనే తేల్చుకోవలసిన మాటలు

ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడి ధర కుదుర్చుకోవడం మామూలే. అయితే అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక్కసారైనా ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, కింది విషయాలను ఒకే కాగితం మీద రాసుకుని, ఇద్దరికీ చదివి వినిపించాలి.

- గాడి కొట్టేది ఎవరు, రాలిన చెత్తను కిందికి దించేది ఎవరు?
- గాడి పూడ్చేది ఎవరు, దానికి సిమెంటు, ఇసుక, చికెన్ మెష్ (సన్నని ఇనుప జాలీ) తెచ్చేది ఎవరు?
- ప్లాస్టరింగు అయ్యాక పాయింటు మార్చవలసి వస్తే ప్యాచ్ పనికి కూలి ఎవరిస్తారు?
- ప్లాస్టరింగులో పైపు మూసుకుపోతే తెరిపించే బాధ్యత ఎవరిది?
- సారువ ఎవరు కడతారు, ఎన్ని రోజులు ఉంచుతారు?
- ఏ దశ పూర్తయ్యాక ఎంత డబ్బు ఇస్తారు?

గాడి పూడ్చే పనిని ప్లాస్టరింగు మేస్త్రీకే అప్పగించి, పొడవు అడుగుల లెక్కన విడిగా కూలి ఇవ్వడం మేలని నా అభిప్రాయం. రేపు అక్కడ పగులు వస్తే జవాబు చెప్పవలసినది అతనే కాబట్టి, లోపల ఏ మాలు పడిందో అతని చేతికి తెలిసి ఉండాలి. ఎలక్ట్రీషియన్ పూడిస్తే మేస్త్రీ ఆ పగులును అతని ఖాతాలో వేస్తాడు, అతను మేస్త్రీ ఖాతాలో వేస్తాడు, మీకు మాత్రం పగులు మిగులుతుంది. పాయింటు మార్పు విషయంలో కూడా నియమం సూటిగా ఉండాలి: మార్చమన్నవారే ఖర్చు భరించాలి. ప్లాస్టరింగు అయ్యాక సోఫా ఇటు జరిపాం కనుక ప్లగ్గు అటు జరపమని అడిగితే ఆ ఖర్చు యజమానిదే.

2. గోడను ముందుగా పరీక్షించడం

పాత ఇంట్లో ప్రతి గోడా గాడిని తట్టుకోలేదు. ముందు మెయిన్ ఆపించి, ఫ్యూజులు తీయించి, పాత వైర్లలో కరెంటు లేదని టెస్టర్‌తో చూపించమనండి. ఆ తర్వాత సుత్తి పిడితో పాత ప్లాస్టరింగు అంతటా తట్టించండి. గుల్ల శబ్దం వచ్చిన చోటల్లా సుద్దతో గీత గీసి, అంతమేరా ఇటుక కనబడేదాకా చెక్కించాలి. గుల్లగా ఉన్న పొరలో గాడి కొడితే దాని పక్కనున్న పొర కూడా పెళ్లలుగా రాలుతుంది, అప్పుడు ఎవరు రాల్చారన్న తగవు మొదలవుతుంది.

మట్టి అడుసుతో కట్టిన పాత గోడలు మన పల్లెల్లోనూ పాత పేటల్లోనూ ఇంకా ఉన్నాయి. వాటిలో గాడి కొట్టకూడదు. కటింగ్ మెషీన్ అదురుకే ఇటుకలు కదులుతాయి. అక్కడ గోడ పైనే కేసింగ్ క్యాపింగ్, అంటే వైర్లను మూతతో కప్పే ప్లాస్టిక్ పట్టీలు, వేయించుకోవడం క్షేమం. గోడకు చెమ్మ ఉంటే, ఆ చెమ్మ ఎక్కడి నుంచి వస్తుందో కనిపెట్టి ఆపిన తర్వాతనే మిగతా పని.

3. గుర్తులు పెట్టే రోజు: ఇద్దరూ ఉండాలి

బాక్సులు, పైపులు ఎక్కడ రావాలో గోడల మీద గీసే ఈ రోజే మొత్తం పనిలో కీలకం. ఆ రోజు మేస్త్రీ రాలేనంటే గుర్తులు పెట్టడం మరునాటికి వాయిదా వేయండి తప్ప, ఎలక్ట్రీషియన్ ఒక్కడితో కానివ్వకండి.

మా ఇంటి హాలులో జరిగినది చెబుతాను. టీవీ గోడకు 12 మాడ్యూళ్ల (పన్నెండు స్విచ్‌లు పట్టేంత) బాక్సు బిగించి ఎలక్ట్రీషియన్ వెళ్లాడు. వారం తర్వాత ప్లాస్టరింగు పూర్తయితే, బాక్సు అంచు గోడ లోపలికి అంగుళం దిగి ఉంది. ప్లేటు మరలు అందవు. ఇద్దరినీ పిలిచి గోడ ముందు నిలబెట్టాను.

“గోడ పైనుంచి కిందికి అంగుళం వంగి ఉంది సార్. మాలు మందంగా వెయ్యకపోతే మట్టం రాదు” అన్నాడు మేస్త్రీ.

“నేను ఇటుక ముఖం నుంచి అరంగుళం ముందుకు పెట్టాను మేస్త్రీ గారూ. మీరు ఇక్కడ అంగుళమున్నర వేస్తారని నాకెవరు చెప్పారు?” అన్నాడు ఎలక్ట్రీషియన్.

ఇద్దరి మాటా నిజమే. ఆ మాట చెప్పవలసినవాణ్ని నేను, నేను చెప్పలేదు. ఆ బాక్సు చుట్టూ తాజా ప్లాస్టరింగును పగలగొట్టి, బాక్సు ముందుకు జరిపి, మళ్లీ పూయడానికి రెండు రోజులు పట్టింది.

ఆ తర్వాత మిగిలిన గదుల్లో పాటించిన వరుస ఇది. ముందు మేస్త్రీ తూకం గుండు వేసి, దారం కట్టి, ప్రతి గోడ మీదా టైలు ముక్కలతో డాట్లు పెడతాడు. ప్లాస్టరింగు ముఖం ఎక్కడికి వస్తుందో ఆ డాట్లే చెబుతాయి. డాట్లు గట్టిపడ్డాక, ఎలక్ట్రీషియన్ రెండు డాట్ల మీద అల్యూమినియం బద్ద ఆనించి, బాక్సు అంచు ఆ బద్దకు రెండు మూడు మి.మీ. లోపలికి ఉండేలా బిగిస్తాడు. బాక్సు కాస్త లోపలికి ఉంటే ప్లేటు కప్పేస్తుంది. వెంట్రుకవాసి బయటికి పొడుచుకు వచ్చినా ప్లేటు గోడకు ఆనదు. గది లోపలి ప్లాస్టరింగు మామూలుగా 12 మి.మీ. అనుకుంటారు కానీ, పాత గోడల్లో వంకరను బట్టి ఒకే గోడ మీద ఒక మూల 10 మి.మీ., మరో మూల 30 మి.మీ. పడటం సాధారణమే. అందుకే ఇటుక ముఖం నుంచి కొలిచి బాక్సు పెట్టడం ఎప్పటికీ సరైన పద్ధతి కాదు.

వంటగదిలోనూ స్నానాలగదిలోనూ గోడకు టైల్స్ వస్తాయి కనుక అక్కడ ముఖం ప్లాస్టరింగుది కాదు, టైలుది. టైలు మందం, దాని వెనక పడే మాలు లేదా అంటించే పొర మందం కలిపి లెక్కించి, ఆ మేరకు బాక్సును ముందుకు తేవాలి. టైలు ఒక ముక్క ముందే తెచ్చి ఎలక్ట్రీషియన్ చేతికివ్వడం మంచిది.

ఎత్తుల విషయంలో కూడా ఒక సంగతి మరవకూడదు. నేల మారుస్తుంటే, ఇప్పుడున్న నేల నుంచి కొలిస్తే లెక్క తప్పుతుంది. కొత్త నేల మట్టం ఎక్కడికి వస్తుందో తేల్చి, నీళ్ల ట్యూబుతో ఇల్లంతా ఒకే మట్టం గీత కొట్టించండి. స్విచ్‌బోర్డులు, ప్లగ్గులు, ఏసీ పాయింటు అన్నీ ఆ గీత నుంచే కొలవాలి. మేస్త్రీ కూడా అదే గీత వాడాలి.

గుర్తుల రోజు చూసుకోవలసినవి:

- తలుపు తెరిస్తే స్విచ్‌బోర్డు తలుపు వెనక్కి పోతుందా?
- ద్వారబంధానికీ బోర్డుకూ మధ్య చెక్క పట్టీ పట్టేంత చోటుందా?
- బీరువా, మంచం, ఫ్రిజ్ వచ్చే చోట్లు సుద్దతో గీశారా?
- గోడకు ఇటువైపు బాక్సుకు సరిగ్గా వెనకే అటువైపు బాక్సు వస్తోందా?

చివరిది ముఖ్యమైనది. నాలుగున్నర అంగుళాల గోడ మందం 115 మి.మీ., బాక్సు లోతు సుమారు 50 మి.మీ. రెండు బాక్సులు వీపు వీపు ఆనితే మధ్యలో ఇటుక అన్నదే మిగలదు. ఒకదాన్ని కనీసం అడుగు పక్కకు జరపండి.

4. గాడి కొట్టడం

గాడి ఎప్పుడూ బాక్సు నుంచి నిట్టనిలువుగా పైకి గాని కిందికి గాని పోవాలి. దూరం తగ్గుతుందని ఐమూలగా కొట్టనివ్వకండి. ఐమూలగా వెళ్లిన పైపు ఎక్కడుందో రేపు మేకు కొట్టేవాడికి తెలియదు.

లోతు విషయంలో భారతీయ ప్రమాణం ఐఎస్ 1905 బరువు మోసే గోడలకు ఒక హద్దు చెబుతుంది: నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు, అడ్డ గాడి ఆరో వంతు దాటరాదు. తొమ్మిదంగుళాల గోడలో, అంటే 230 మి.మీ.లో, నిలువుకు సుమారు 76 మి.మీ., అడ్డానికి సుమారు 38 మి.మీ. వస్తుంది. ఇదే లెక్కను నాలుగున్నర అంగుళాల గోడకు వేస్తే అడ్డ గాడికి 19 మి.మీ. మాత్రమే దక్కుతుంది, 20 మి.మీ. పైపు కూడా అందులో పట్టదు. ఆ గోడ బరువు మోయనిదే అయినా, అడ్డ గాడి వద్దని చెప్పడానికి నాకు ఈ లెక్క చాలు. అక్కడ పైపును స్లాబు కింద నుంచో నేల నుంచో తిప్పి, నిలువుగా దించమనండి.

కొట్టే పద్ధతి ఇది. సుద్ద గీతల వెంట కటింగ్ మెషీన్‌తో సమాంతరంగా రెండు కోతలు కోసి, మధ్య భాగాన్ని ఉలితో తీయాలి. కోతలు కోయకుండా నేరుగా ఉలితో మొదలుపెడితే ఇటుకలు అదిరి, గాడి అంచులు పళ్లు పళ్లుగా వస్తాయి. పైపు పైన మాలు చుట్టుకునేలా గాడి వెడల్పు పైపుకన్నా కాస్త ఎక్కువుండాలి. పిల్లర్లనూ బీములనూ చెక్కి కడ్డీలు కోసే పనికి ఎవరు ఎంత నచ్చజెప్పినా ఒప్పుకోవద్దు.

5. పైపులు, బాక్సులు బిగించడం

పైపు ఇటుక ముఖానికి కనీసం అర అంగుళం లోపల కూర్చోవాలి. పైపు ముఖానికి సమానంగా ఉంటే దాని మీద ప్లాస్టరింగు పొర పలచబడి, అక్కడే సన్నని పగులు మొదలవుతుంది. పైపు కదలకుండా రెండడుగులకు ఒకటి చొప్పున హుక్కు మేకులు కొట్టించండి. కదిలే పైపు మీద ఎంత మంచి మాలు వేసినా నిలవదు.

బాక్సుల చుట్టూ సిమెంటు మాలుతోనే పట్టించాలి. త్వరగా గట్టిపడుతుందని కొందరు పీవోపీతో (ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో) అతికిస్తారు. తడి తగిలినప్పుడు అది మెత్తబడుతుంది, ఇనుప బాక్సుకు తుప్పు కూడా పట్టిస్తుంది. ప్రతి బాక్సుకూ రసమట్టం ఆనించి చూడాలి. పక్కపక్కన ఉన్న రెండు బాక్సులను ఒకే బద్దతో సరిచూడాలి.

6. గాడి పూడ్చడం

మేస్త్రీ తొందరపడేది ఇక్కడే. గాడిలో దుమ్ము బ్రష్షుతో తీసి, నీళ్లు కొట్టి, సిమెంటు పాలు పూసి, ఆ తడి ఆరకముందే ఒక పాలు సిమెంటుకు మూడు నాలుగు పాళ్ల ఇసుక కలిపిన మాలు రెండు విడతలుగా కూరాలి. పైపు వెనక కూడా మాలు దిగాలి. పై అంచు ఇటుక ముఖానికి కొద్దిగా లోపలే ఆపి, గరుకుగా వదలాలి. కనీసం ఒక రోజంతా ఆగి, తడుపుతూ ఉంచి, ఆ తర్వాతే ప్లాస్టరింగుకు వెళ్లాలి. గాడిలో మాలూ గోడ ప్లాస్టరింగూ ఒకే ఊపులో వేస్తే, లోతుగా ఉన్న మాలు కుంగి పైపొరను చీలుస్తుంది.

పూడ్చిన గాడి మీద చికెన్ మెష్ పరచి, రెండు వైపులా కనీసం మూడు నాలుగు అంగుళాలు ఇటుక మీదికి వచ్చేలా మేకులతో బిగించాలి. ఇటుక గోడ పిల్లరుతో, బీముతో కలిసే చోట్ల కూడా మెష్ పడాలి. మెష్ గోడకు అంటుకుపోకుండా, వెనకనుంచి మాలు దూరేంత సందు ఉండాలి.

7. ప్లాస్టరింగుకు ముందు అప్పగింత

ఎలక్ట్రీషియన్ గోడను మేస్త్రీకి అప్పగించే ఘట్టం ఇది. యజమాని ఎదుటే జరగాలి. ప్రతి పైపులోనూ ఈ చివర నుంచి ఆ చివరకు వైరు లాగే స్ప్రింగు దూర్చి తీసి చూపించమనండి. స్ప్రింగు ఆడితే పైపు బాగున్నట్టు మేస్త్రీ ఒప్పుకున్నట్టే. ప్లాస్టరింగు అయ్యాక ఇదే పరీక్ష మళ్లీ చేస్తారని అప్పుడే చెప్పాలి. ఈ ఒక్క పరీక్ష వల్ల “ముందే మూసుకుపోయింది”, “నువ్వే మూశావు” అన్న వాదానికి చోటుండదు.

- పైపు చివరలన్నిటికీ మూతలు బిగించారా?
- బాక్సుల్లో తడి కాగితమో థర్మోకోల్ ముక్కలో నిండుగా కూరి, పైన టేపు వేశారా?
- ప్రతి బాక్సు మీదా బద్ద పెట్టి డాట్లతో సరిచూశారా?
- ఎర్తు వైరు దారి అన్ని బాక్సులకూ ఉందా?
- ప్రతి గోడనూ, టేపు పట్టుకుని కొలత కనబడేలా ఫొటో తీశారా?

వైర్లు మాత్రం ఇప్పుడు లాగించకండి. తడి ప్లాస్టరింగు జరిగే ఇంట్లో వైరు ముందే లాగితే, మాలు, నీళ్లు పైపుల్లోకి చేరతాయి. బాక్సుల దగ్గర తాపీ అంచు తగిలి ఇన్సులేషన్ కోసుకుపోతుంది.

8. ప్లాస్టరింగు, నీళ్లు కొట్టే రోజులు

మేస్త్రీ బాక్సు అంచుల చుట్టూ మాలును తాపీ మొనతో సన్నగా, నలుచదరంగా కోసి వదలాలి. పొరపాటున కప్పేసిన బాక్సును ఆ సాయంత్రమే, మాలు పచ్చిగా ఉండగానే తెరవాలి. అందుకే ప్రతి రోజూ పని ముగిశాక బాక్సులు లెక్కపెట్టండి. ఆ గోడలో ఏడు ఉండాలని కాగితం చెబుతుంటే ఏడూ కనబడాలి.

ప్లాస్టరింగుకు కనీసం ఏడు రోజులు నీళ్లు కొట్టాలి. మన ఎండాకాలంలో ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మూడు పూటలా తడపవలసి రావచ్చు. ఈ రోజుల్లో ఎలక్ట్రీషియన్ చేయవలసినది ఒక్కటే: తడి గోడల్లోని ఏ పాయింటుకూ కరెంటు ఇవ్వకుండా ఉండటం. తాత్కాలిక కరెంటు కావాలంటే మెయిన్ దగ్గరే, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించి, వైరును నేల తడికి తగలకుండా పైన కట్టించండి. తడి గోడకు వేలాడే అతుకుల వైరు ప్రాణాలు తీస్తుంది. ఈ విషయంలో మొహమాటానికి తావివ్వకండి.

జిప్సం ప్లాస్టరింగు చేయించేవారికి నీళ్లు కొట్టే పని లేదు. కానీ గాడుల్లో వేసిన సిమెంటు మాలు పూర్తిగా ఆరిన తర్వాతే దాన్ని మొదలుపెట్టాలి. స్నానాలగదుల్లో అసలు వాడకూడదు.

9. తిరుగు అప్పగింత, వైర్లు, లప్పం

గోడ ఆరాక, మళ్లీ ఇద్దరి ఎదుటా అన్ని పైపుల్లో స్ప్రింగు ఆడించండి. పెట్టుకున్న ఒప్పందం ప్రకారం మేస్త్రీకి చివరి విడత డబ్బు ఈ పరీక్ష తర్వాతే ఇవ్వాలి. తర్వాత వైర్లు లాగి, ఇన్సులేషన్ పరీక్ష చేయించి, ఆ పైన లప్పం, మొదటి కోటు రంగు వేయించండి. స్విచ్‌లు, ప్లేట్లు చివరి కోటు తర్వాత బిగించాలి. ముందే బిగిస్తే ప్లేటు అంచుల మీద లప్పం గీతలు పడతాయి.

10. తరచుగా జరిగే తప్పులు, వాటి సవరణలు

బాక్సు లోపలికి దిగిపోతే, తేడా కొద్దిగా ఉన్నప్పుడు పొడవు మరలు వాడి సరిచేయవచ్చు. అంగుళం దాకా దిగితే పగలగొట్టి ముందుకు జరపడం తప్ప మార్గం లేదు.

బాక్సు బయటికి పొడుచుకు వస్తే, చుట్టూ మాలు ఎత్తుగా పూసి కప్పిపుచ్చే ప్రయత్నం ఒప్పుకోకండి. పక్క నుంచి వెలుతురు పడగానే ఆ ఉబ్బు కనబడుతుంది. బాక్సును తీసి లోపలికి దించాలి.

పైపు మూసుకుపోతే ముందు స్ప్రింగును రెండు చివరల నుంచీ దూర్చి, ఎంత పొడవున ఆగిందో కొలవండి. ఏడో అంచెలో తీసిన ఫొటో పక్కన పెట్టుకుంటే అడ్డు ఎక్కడుందో అరచేయి వెడల్పులో తేలుతుంది. అక్కడ మాత్రమే చెక్కి, ఆ ముక్క మార్చి, మెష్ వేసి పూడ్చాలి.

పైపు దారి వెంట సన్నని పగులు వస్తే దాని మీద లప్పం రుద్దించకండి. తట్టి చూడండి. గుల్ల శబ్దం లేకపోతే పగులును వి ఆకారంలో కాస్త తెరిచి, పగుళ్లు నింపే పేస్టుతో నింపి, పైన ఫైబర్ టేపు వేసి లప్పం పట్టించవచ్చు. గుల్ల శబ్దం వస్తే అంతమేరా తీసి, ఆరో అంచె మొదటి నుంచి చేయించాలి.

ప్లాస్టరింగు అయ్యాక కొత్త పాయింటు తప్పనిసరైతే, గాడి కొట్టే ముందు మేస్త్రీకి కబురు పెట్టండి. కోత అంచులు మెషీన్‌తో నిటారుగా వచ్చేలా, గాడి వీలైనంత పొట్టిగా ఉండేలా చూడండి. అదే దుకాణం ఇసుక, అదే కంపెనీ సిమెంటు రెండు తట్టలంత ఇంట్లో పొడిగా దాచి ఉంచితే ప్యాచ్ పనికి పనికొస్తాయి.

ఫొటోలను గది పేరు, గోడ దిక్కు రాసి ఒకే ఫోల్డరులో ఉంచి, ఎలక్ట్రీషియన్‌కూ మేస్త్రీకీ కూడా పంపండి. రేపు ఏసీ బిగించడానికి వచ్చేవారు గోడకు డ్రిల్లు పెట్టే ముందు, ఆ గోడ ఫొటో వారికి తెరిచి చూపించండి.